బయటి గడియ

"ఫోను ఇటివ్వు" అన్నాడు సంఘపెద్ద.

ఎలక్ట్రీషియన్ అయోమయంగా ఫోను అందించాడు. శనివారం మధ్యాహ్నం అర్జంటుగా రమ్మంటే చర్చిలో ఏ ఫ్యూజో పోయిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే వెనక గదిలో ముగ్గురు పెద్దలు బిగుసుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల పక్కనే అతని భార్య. అతను చూడగానే తల వంచుకుంది.

"నేనేం తప్పు చేశానయ్యా?"

ఒకాయన పనిముట్ల సంచీ లాక్కున్నాడు. ఇంకొకాయన బండి తాళాలు జేబులో వేసుకున్నాడు.

"ఐదింటికి పాటల ప్రాక్టీసుంది. అటు నుంచి ఆస్పత్రిలో ప్రార్థన. రేపు సండే స్కూలు, మైకులు... అన్నీ ఒప్పుకున్నానండీ!"

"ఎవరేం అడిగినా ఒప్పుకుంటావు. నిన్న నిచ్చెన మీద నిద్రపోయావు. కింద మనిషి పట్టుకోకపోతే ఇవాళ నీకు శవపెట్టె చేయిస్తూ ఉండేవాళ్లం" అన్నాడు సంఘపెద్ద.

అందరూ బయటికి నడిచారు. భార్య కూడా వెళ్లిపోయింది. బయట గడియ పడిన చప్పుడైంది.

అతను తలుపు దబదబా బాదాడు. "రేపటి ఆరాధన నేను లేకుండా ఎలా జరుగుతుంది?"

"దేవుడు చూసుకుంటాడు. నువ్వు పుట్టకముందు కూడా ఆయనే చూసుకున్నాడు."

అడుగుల చప్పుడు దూరమైంది. కిటికీ మూసి ఉంది. మసక వెలుతురులో ఒక మంచం, దుప్పటి, సీసాలో నీళ్లు. అన్నిటి నుంచీ తనను తీసేశారు. ఏ పనీ చేయనివాణ్ని దేవుడు మాత్రం ఏం చేసుకుంటాడు? మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ప్రభువా, ఇవాళ నీకోసం ఏమీ చేయలేను. ఉత్త చేతులతో వచ్చాను."

మామూలుగా ప్రార్థన మధ్యలో రేపటి పనులు బుర్రలో గిరగిరా తిరిగేవి. ఇవాళ ఒక్కటీ రాలేదు. నువ్వొస్తే చాలని ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టనిపించింది. ఎన్నాళ్లుగానో ఆపుకున్న ఏడుపు బయటికి తన్నుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి మంచం మీద వాలాడు. కళ్లు మూతలు పడుతున్నాయి.

అప్పుడే మూలన పేర్చిన కుర్చీల వెనక ఏదో కిర్రుమంది. ఆ వెంటనే బరువైన ఊపిరి. గదిలో తను ఒక్కడే లేడు!

"ఎ... ఎవరది?"

కుర్చీల పైనుంచి జుట్టు చెదిరిన తల ఒకటి మెల్లగా లేచింది. పాస్టరుగారు.

"కాస్త మెల్లగా ఏడవవయ్యా! నన్ను పొద్దున్నే వేశారిక్కడ, ఇప్పుడిప్పుడే నిద్రపడుతోంది."