చెప్పరాని దృశ్యం

కవరు మీద టీవీ ఛానల్ ఆఫీసు ముద్ర చూసి, తాతబ్బాయి చెయ్యి నల్ల పంచెకి తుడుచుకుని మరీ విప్పాడు.

లోపల రెండే వాక్యాలు. "టీవీ ప్రకటనలో అభ్యంతరకరమైన దృశ్యం ఏమిటో మీ ఫిర్యాదులో లేదు. వివరంగా రాసి పంపగలరు."

ఆ ఫిర్యాదు కొత్తపేటలో అయ్యప్ప మాల వేసుకున్న తొమ్మిది మంది స్వాములది. సాయంత్రం పూజ అయ్యాక వాళ్ళందరి ఇళ్ళల్లోనూ భక్తి సీరియల్ నడుస్తుంది. దాని మధ్యలో రోజూ ఒక సబ్బు ప్రకటన వస్తుంది. దేవుడి కథ మధ్య ఇదేం అపచారమని గురుస్వామి హరిబాబు మండిపడ్డాడు. "చెప్పరాని దృశ్యం" అని రాయించి అందరిచేతా సంతకాలు పెట్టించాడు.

ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, ఆ దృశ్యం వాళ్ళలో ఎవరూ చూడలేదు.

ప్రకటన సంగీతం మొదలవగానే తొమ్మిది మందీ కళ్ళు మూసుకుని శరణాలు చెప్పుకునేవారు. సంగీతం వింటేనే తెలిసిపోతుందన్నారు. భక్తిలో ఏ లోటూ లేదు పాపం, లోటంతా ఫిర్యాదులోనే వచ్చింది.

చేతిరాత బాగుంటుందని వివరంగా రాసే పని తాతబ్బాయి మీద పడింది.

ఆ సాయంత్రం టీవీ ముందు కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాడు. వంటింటి గుమ్మం దగ్గర సత్యవేణి నిలబడి ఉంది.

"మాతా, ఆ సబ్బుది మీరెప్పుడైనా చూసేరా?"

మాల వేసుకున్నవాళ్ళకి ఆడవాళ్ళందరూ మాతలే, కట్టుకున్న భార్యతో సహా.

పదిహేడేళ్ళు కువైట్‌లో పని చేసి, ఈ వేసవిలోనే ఆయన పూర్తిగా వచ్చేశాడు. ఇద్దరికీ మాటలు అలవాటయ్యేలోపే కార్తీకం వచ్చింది, మాల వచ్చింది, ఈ పిలుపూ వచ్చింది. మొదట్లో ఆ పిలుపుకి సత్యవేణికి నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

రోజూ చూస్తానని ఆమె చెప్పింది.

అంతలో సంగీతం మొదలైంది. తాతబ్బాయి ఠక్కున కళ్ళు మూసుకున్నాడు. ఏం జరుగుతోందో చెబితే రాసుకుంటానన్నాడు. కళ్ళు మూసుకుని ఎలా రాస్తారని ఆమె అడగలేదు.

"ఒకావిడ గుమ్మంలో నుంచుందండి స్వామీ. వాళ్ళాయన ఊర్నించి వచ్చేడు."

"ఆయ్."

"పెట్టె కింద పెట్టేడండి."

"తర్వాత?"

"ఆవిణ్ణి చూస్తన్నాడు."

"చూడ్డం కాదు మాతా. తప్పు ఎక్కడుందో చెప్పండి."

"దగ్గరికొచ్చి మెడ దగ్గర సబ్బు వాసన చూసేడండి. ఆవిడ నవ్వింది. అయిపోయింది."

"అంతేనా?"

"అంతేనండి. కాపోతే ముందు ఆవిణ్ణే చూసేడు. పెట్టె విప్పలేదు."

టీవీలో కందిపప్పు ప్రకటన వచ్చింది. బంగారం కొట్టు ప్రకటన వచ్చింది. తాతబ్బాయి కళ్ళు తెరవలేదు.

పదిహేడేళ్ళలో ఎనిమిదిసార్లు సెలవు మీద వచ్చాడు. ఎనిమిదిసార్లూ కారు దిగీ దిగగానే హాల్లో పెట్టె విప్పాడు. చుట్టూ చుట్టాలు, ఇరుగుపొరుగు. సెంటు సీసాలు, ఖర్జూరం, టార్చిలైట్లు. ఎవరికేది ఇవ్వాలో చీటీ రాసుకుని వచ్చేవాడు. అన్నీ అయ్యాక అడుగున ఒక చీర మిగిలేది. అప్పుడు తలెత్తి ఆమె కోసం వెతికేవాడు. ఆమె వంటింట్లో, వచ్చినవాళ్ళందరికీ టీ పెడుతూ ఉండేది. చీర ఎవరో ఒకరు లోపలికి అందించేవారు.

తాతబ్బాయికి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకున్నందుకు సిగ్గేసింది.

"రోజూ ఎందుకు చూస్తావు అది?"

మాత అన్న మాటా, మీరు అన్న మాటా రెండూ లేవని సత్యవేణి గమనించింది.

"నన్నెవరైనా అలా చూస్తే ఎలా నిలబడాలో నాకు తెలీదండి. ఆవిడెలా నుంచుంటుందో చూస్తాను."

సీరియల్ మళ్ళీ మొదలైంది. శంఖాలు మోగాయి. తెర నిండా వెలుగు పరుచుకుని, భక్తుడి ముందు దేవుడు ప్రత్యక్షమయ్యాడు.

తాతబ్బాయి కళ్ళు తెరిచాడు. తెర వైపు చూడలేదు, గుమ్మం వైపు తిరిగాడు.

సత్యవేణికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.