తీస్తే పోని కలుపు

"ఏమ్మా, నిన్ను పిలిపించింది కలుపు తియ్యడానికా, మట్టి వాసన చూడ్డానికా?"

గట్టు మీద నుంచి కాంట్రాక్టరు కేక వేశాడు.

టమాటా తోటలో ఏడుగురు ఆడవాళ్ళు వంగి కలుపు తీస్తున్నారు. ఎనిమిదో ఆమె మాత్రం గొంతుక్కూర్చుని, గుప్పెడు మట్టి ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. యాభై దాటిన మనిషి. ఆ రోజే మొదటిసారి వచ్చింది.

ఆమె లేచి నిలబడింది.

"ఇది తీసినా పది రోజుల్లో మళ్ళీ వస్తుందయ్యా."

"వస్తే మళ్ళీ తీయిస్తా. నీకేం?"

"యూరియా ఎంత పోశారు?"

కాంట్రాక్టరు బిత్తరపోయాడు. ఇరవై ఏళ్ళు ఇళ్ళు కట్టించిన మనిషి. కూలికొచ్చినవాళ్ళు తనని ప్రశ్న అడగడం ఆయన ఎరగడు.

పక్కనున్న బావమరిది అందుకున్నాడు. ఎరువుల కొట్టు అతనిదే.

"మా బావ పిసినారి కాదులే. నేను చెప్పినదానికి రెట్టింపు పోశాడు."

"అదే కనబడుతోంది." ఆమె బోరు వైపు చెయ్యి చూపించింది. "అక్కడ ముళ్ళతోటకూర నడుమెత్తు లేచింది. మీరు వేసిన మేత మొక్కకంటే ముందు అదే తింటోంది. మొక్కేమో ఆకు ఏపుగా పెంచుకుని కూర్చుంది, కాయ లేదు. ఆకు తిప్పి చూడండి, అడుగంతా పేనుబంక పురుగే."

కాంట్రాక్టరు చూడలేదు. బావమరిది ఒకాకు తిప్పి, గబుక్కున వదిలేశాడు.

"అటు పల్లంలో తుంగ. ట్రాక్టరు తొక్కి తొక్కి నేల బిగుసుకుపోయింది, నీళ్ళు దిగడం లేదు. ఒక్క కాలవ తీయించండి. ఈ పంటయ్యాక ఎరువు ఆపి జనుము చల్లండి, పూతకొచ్చాక కలిపి దున్నేయండి. నేల కోలుకుంటే కలుపు దానంతటదే తగ్గుతుంది."

"బావా, ఈవిడ నా కొట్టుకే ఎసరు పెడుతోంది!"

కాంట్రాక్టరు ముఖం ఎర్రబడింది.

"కూలికొచ్చి నాకు పాఠాలా? మేస్త్రీ! ఈ మహాతల్లిని ఇప్పుడే పంపించెయ్. మళ్ళీ నా పొలంలో కనబడిందంటే నువ్వూ రానక్కర్లేదు."

కూలీలని వెంటబెట్టుకొచ్చిన మేస్త్రి ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

ఆమె చేతిలో మట్టిని పారెయ్యలేదు. వంగి ఒక మొక్క మొదట్లో పెట్టింది. గట్టెక్కాక వెనక్కి తిరిగింది.

"నోరు లేనిది కదా అని నేలని ఇంతలా చంపుతారా అయ్యా?"

"చూశావా పొగరు!" అన్నాడు కాంట్రాక్టరు.

ఆ సాయంత్రమే బావమరిది కలుపు మందు తెచ్చాడు. కలుపు మాడింది. గాలికి మందు పడి సగం తోటా మాడింది.

మొదటి వానకి కలుపు లేచింది. తోట లేవలేదు.

కాంట్రాక్టరుకి ఒళ్ళు మండిపోయింది, పొలం అమ్మిన ఆసామి మీద. రెండేళ్ళ కిందట కొన్నప్పుడు ఆసామి చూపించిన కాగితం పట్టుకుని మట్టి పరీక్ష కేంద్రానికి వెళ్ళాడు.

"ఈ రిపోర్టు దొంగది! బంగారంలాంటి నేల అని రాశారు. గడ్డి తప్ప ఇంకేం బతకడం లేదక్కడ. మీరూ ఆ ఆసామీ కుమ్మక్కయ్యారు. కోర్టుకీడుస్తా!"

అక్కడ పరీక్షలు చేసే మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది. ఆవిడకీ కోపం వచ్చింది.

"ఈ సంతకం నాదే. మట్టి తీసిందీ నేనే. పార వేస్తే వెన్నలోకి దిగినట్టు దిగింది. పెళ్ళకి పది వానపాములు. ఈ రెండేళ్ళలో మీరేం పోశారో చెప్పండి ముందు."

ఆయన చెప్పాడు. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ పొలం మొదట ఏంటో తెలుసా? ఇటుకల కోసం పైమట్టంతా తవ్వి వదిలేసిన గుంట. ఎవరికీ అక్కర్లేకపోతే ఒకావిడ కౌలుకి తీసుకుంది. మొగుడు పోయాడు, బడికెళ్ళే కూతురు. పధ్నాలుగేళ్ళు గంపలతో పేడా ఆకూ మోసింది. నేల తయారయ్యాక ఆసామి పరీక్ష చేయించాడు. నా రిపోర్టు చేతికి రాగానే ఆవిణ్ణి వెళ్ళగొట్టి, మీకు అమ్ముకున్నాడు."

"నాకు ఇవేవీ తెలియదు మేడమ్."

"ఆవిడ ఇక్కడికొచ్చింది. 'నేల బాలేదని రాసుంటే నా పొలం నాకుండేది కదమ్మా' అంది. నిజం రాసినందుకు సిగ్గుపడటం నాకు అదే మొదలు."

కాంట్రాక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఆవిణ్ణి తీసుకొస్తా. పొలం ఆవిడ చేతిలోనే పెడతా. ఎక్కడుంటుంది?"

"కలుపు కూలికి వెళ్తోందని విన్నాను. మీ మేస్త్రిని అడగండి."

మేస్త్రి ఇంటి ముందు కొడవళ్ళు నూరుకుంటున్నాడు. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఆవిడ ఊళ్ళో లేదయ్యా. కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ బట్టల మిల్లులో పని. ఇక జన్మలో మట్టి ముట్టుకోనని ఒట్టు పెట్టుకుని మరీ వెళ్ళింది."

"అడ్రసివ్వు. నేనే వెళ్తా. అలాంటి మనిషిని గెంటడానికి ఆ ఆసామికి మనసెలా వచ్చిందో! నేను వాడిలాంటివాణ్ణి కాదని చెప్తా. నా ముఖం కూడా ఆవిడెప్పుడూ చూసుండదు."

మేస్త్రి కొడవలి పక్కన పెట్టాడు.

"చూసిందయ్యా," అన్నాడు, "తన పొలాన్ని ఒక్కసారి చూసుకుంటానని బతిమాలి నా వెంట కూలికొస్తే, మీరు పొలంలోంచి వెళ్ళగొట్టింది ఆవిణ్ణే."