నల్లరాయి

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గురప్ప గోతాం విప్పి, రాయిని తహసీల్దారు బల్ల మీద పెట్టాడు. బరువు తొమ్మిది కిలోలు. దాన్ని బస్సులో తెచ్చినందుకు కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు.

తొమ్మిది రోజుల కిందట ఆ రాయి రేకుల కప్పును చీల్చుకుని పడింది. కింద మంచం మీద పడుకుని ఉన్న నరసింహప్ప చనిపోయాడు. పోలీసులు శవాన్ని తీసుకుపోయారు. రాయిని వాకిట్లో పడేసి పోయారు.

ఇప్పుడు ఆ చావు మీద విచారణ. నరసింహప్ప భార్య లక్ష్మీదేవి తలుపు దగ్గర నిలబడింది. ఊరి పక్కనున్న క్వారీ మేనేజరు ప్రతాప్ కుర్చీలో కూర్చున్నాడు.

"వానకు గుట్ట మీద నుంచి దొర్లింది సార్" అన్నాడు ప్రతాప్. "దేవుడు చేసిన పని. మాకేం సంబంధం?"

"వానా?" గురప్ప గొంతు లేచింది. "ఈ ఏడు వాన యాడ పడిందప్పా? నీ ఒక్కని నెత్తిన పడిందా?"

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. తహసీల్దారు తల ఎత్తాడు. "నువ్వెవరు? ఈమెకు ఏమవుతావు?"

"ఏమీ గాను సార్. వీళ్ళ క్వారీలో రాళ్ళ పనోణ్ణి. ముప్పై ఏండ్లాయ."

"గురప్పా, ఇంటికి పో" అన్నాడు ప్రతాప్. "ఇంకొక్క మాట ఆడితే నష్టం నాకన్నా నీకే."

"పోను. బెదిరిస్తే ఊరుకునే రోజులు అయిపోయినాయి." గురప్ప రాయిని తహసీల్దారు వైపు తిప్పాడు. "చూడండి సార్. ఈమె ఇంటెనక గుట్ట ఎర్రరాయి. భూమి కడుపులో కరిగి, నిదానంగా చల్లారిన రాయి. అందుకే గింజలు లావు, కంటికి ఆనతాయి. అది గట్టిపడినాక ఎప్పుడో పగిలింది. ఆ పగుల్లోకి కింద నుంచి మళ్ళా కరిగిన రాయి ఎగదన్నింది. ఇరుకు సందు, బిరీన చల్లారింది. గింజ కనపడదు, నల్లగుంటాది. ఇది అదే."

"అయితే?"

"ఈ అంచు చూడండి. నల్లదానికి ఎర్రరాయి అంటుకొని ఉండాది. ఆ సెగకు కాలి, దాని గింజ మారిపోయింది. ఇట్లాంటి అతుకు రెండు రాళ్ళూ కలిసే చోటే దొరుకుతాది. ఈ చుట్టుపక్కల నల్లచార ఒకటే ఉండాది. అది వీళ్ళ క్వారీలో ఉండాది."

ప్రతాప్ లేచాడు. "సదువు రానోడు పాఠం చెప్తాంటే మీరు వింటాండారా సార్?"

"రాళ్ళ సర్వే సార్లు వచ్చినప్పుడు గొడుగు పట్టినాను, వాళ్ళు చెప్పినారు. మిగిలింది సుత్తి చెప్పింది." గురప్ప అరచేత్తో బల్ల మీద చరిచాడు. "ఎర్రగుట్ట మీద నుంచి నల్లరాయి ఎట్ల దొర్లుతాది? దొర్లలేదు సార్. పేలుడుకు ఎగిరింది!"

తహసీల్దారు అప్పటిదాకా రాసిన కాగితాన్ని చింపాడు. దాని మీద 'ప్రకృతి ప్రమాదం' అని ఉంది. అది పైకి వెళ్తే, చావు తర్వాత మూతపడిన క్వారీ సోమవారం మళ్ళీ తెరుచుకునేది.

లక్ష్మీదేవి గురప్ప ముందుకు వచ్చి చేతులు జోడించింది. "ఊర్లో ఒక్కడూ నోరు తెరవలేదన్నా. నువ్వొక్కనివే వచ్చినావు."

గురప్ప ఆమె ముఖం చూడలేదు. తొమ్మిది రోజులుగా అతను వేరే ఏ పనికీ పోలేదు. తిండి కూడా సరిగా తినలేదు.

"ఆ పొద్దు సైరన్ గూడా కొట్టలేదు" అందామె. "కొట్టింటే లేచి బయటికి పరిగెత్తింటాడు. పేల్చినోడు ఎవడో నీకు తెలుసునా అన్నా? తెలిస్తే చెప్పు. వాడు యాడుండినా పోతా. ఎదురుగా నిలబడి అడుగుతా."

ప్రతాప్ కిటికీ వైపు తిరిగాడు.

"రాసుకోండి సార్" అన్నాడు గురప్ప.

గుమాస్తా రాశాడు. పదకొండు గంటల యాభై నిమిషాలకు గురప్ప వేలిముద్ర వేసిన ఆ వాంగ్మూలంలో చివరి వాక్యం ఇది: "ఆ పొద్దు సైరన్ కొట్టకుండా వత్తికి నిప్పు పెట్టింది నేనే."