యాభయ్యో పేరు

"అక్కా, ఇవాళొక్క రోజు కదలకు. రేపు పోతానంటే నీ పెట్టె నేనే మోస్తాను," అన్నాడు తార్మో, బూట్లయినా విప్పకుండా హిల్యా గుమ్మంలో నిలబడి.

అది డిసెంబరు ముప్పై ఒకటి. ఆ సాయంత్రానికి జనాభా పట్టీలో మా వెహ్మా దీవికి యాభై పేర్లుండాలి. ఒక్కటి తగ్గినా వసంతం నుంచి ఫెర్రీ నడపబోమని జిల్లా వాళ్లు ఉత్తరం రాశారు. సరస్సు చుట్టుపక్కల జనమంతా అవతలి ఒడ్డున పట్నం శివారులో, లిఫ్టులున్న మేడల్లోకి చేరిపోతున్నారు. మా దీవిలో మనుషులకన్నా దుప్పులే ఎక్కువ. వాటినీ లెక్కలో కలపమని తార్మో జిల్లాకు అర్జీ పెట్టాడు. పెద్ద దుప్పి చేత గిట్ట ముద్ర కూడా వేయించాడని చెప్పుకుంటారు. నేను కాదనను.

దీవి సంఘానికి తార్మోయే పెద్ద. అతని లెక్క ప్రకారం సరిగ్గా యాభై మంది. అందులో అటూ ఇటూ ఊగుతున్నది ఎనభై మూడేళ్ల హిల్యా ఒక్కతే. శివారులో ఉన్న కూతురు రమ్మని పోరుతోంది. అందుకని సెప్టెంబరు నుంచీ తార్మో ఆమెకు కట్టెలు కొట్టాడు, ఆవిరి స్నానానికి సౌనా గది వేడి చేశాడు, వాకిట్లో మంచు ఎత్తిపోశాడు. ఇంట్లో భార్య కెర్తు చేసిన యాలకుల బన్నులు పళ్లెంతో సహా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మన కట్టెల సంగతేమిటని కెర్తు అడిగితే, ముందు దీవిని నిలబడనీ అన్నాడు.

"నేనెక్కడికీ పోను," అంది హిల్యా. "నమ్మకం లేకపోతే నాలుగింటిదాకా ఇక్కడే కాపలా కూర్చో. బూట్లు మాత్రం విప్పు. తుడవలేక చస్తున్నా."

నాలుగింటికి జనాభా ఆఫీసు మూసేస్తారు. ఆ తర్వాత ఎవరు కదిలినా వచ్చే ఏటి లెక్కే. తార్మో బూట్లు విప్పి కిటికీ పక్కన కూర్చున్నాడు. హిల్యా కాఫీ పోసింది. అది అయ్యేలోగా మళ్లీ పోసింది. పోయిన మొగుడు ఒకప్పుడు పట్టిన చేప గురించి చెప్పింది. దాన్ని పైకి లాగితే సరస్సు జానెడు దిగిపోయిందట, శివారు వాళ్ల పడవలన్నీ బురదలో కూలబడ్డాయట.

పన్నెండింటికి తార్మో లేచాడు. ఇంటికెళ్లి ఇంత తినేసి వస్తానన్నాడు.

"వెళ్లు. నువ్వటు వెళ్లగానే నేనిటు ఫెర్రీ ఎక్కుతాను," అంది హిల్యా, నవ్వుతూ.

తార్మో మళ్లీ కూర్చున్నాడు. ఆమె బంగాళాదుంపలు, ఉప్పుచేప వడ్డించింది.

ఒంటిగంటకు ఫెర్రీ మంచు పెళ్లలు చీల్చుకుంటూ వచ్చింది. దాని మీద ఒక సామాన్ల లారీ. తార్మో కిటికీ అద్దానికి ముక్కు ఆనించాడు.

"ఎవరో మన దీవికి కాపురం వస్తున్నారక్కా. యాభై ఒకటి."

హిల్యా బన్నుల పళ్లెం అతని వైపు జరిపింది.

మూడున్నరకు, వెలుతురు సన్నగిల్లే వేళకు, ఆ లారీ మళ్లీ రేవులోకి వచ్చింది. వచ్చినప్పుడు ఎగిరెగిరి పడుతూ వచ్చిన బండి ఇప్పుడు బరువుతో నేలకు కుంగిపోయి ఉంది. తార్మో కాసేపు దాన్నే చూశాడు. అప్పటికి అర్థమైంది, అది సామాను దించడానికి రాలేదని.

"ఎవరో పోతున్నారక్కా. ఎవరు పోతున్నారు?"

బూట్లు తొడుక్కోబోయాడు. చేతులకు లేసులు చిక్కలేదు. ఫెర్రీ గేటు దిగింది, లారీ దాని మీదికెక్కింది. అతని ఇల్లు రేవు పక్కనే, చెట్ల చాటున. ఫోను తీసి ఇంటికి చేశాడు. కెర్తు పరుగున వెళితే ఇంకా ఆపగలదు. ఫోను మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. కిటికీ అవతల ఫెర్రీ ఒడ్డు వదిలింది.

"ఎత్తు, కెర్తూ, ఎత్తు," అంటున్నాడు తార్మో, ఒక కాలికి బూటుతో నిలబడి.

హిల్యా అతని కప్పు తీసుకుని మళ్లీ నింపింది.

"ఎత్తదు, నాయనా. ఆ లారీలో ముందు సీట్లో కూర్చుని ఉంది. నాలుగింటిదాకా నిన్ను కదలనివ్వొద్దని పొద్దున్నే వచ్చి నన్ను బతిమాలి వెళ్లింది."