అతుకేసిన బోటు

"ఎవడో వాడి ఒదిలేసిందా నా కూతురికి కొనేది? ఒద్దు!" గంగులు గొంతుకి విజయనగరంలోని ఆ లాప్‌టాప్ దుకాణమంతా ఇటు తిరిగింది.

"రెండూ ఒకటే రేటు నాన్నా. కొత్తది సన్నంగా ఉంటాది గానీ నా డ్రాయింగులు మొయ్యలేదు. ఈ పాతదాన్లో గ్రాఫిక్స్ కార్డుంది," అంది పాలిటెక్నిక్ చదివే నీలవేణి. "సోమవారం ప్రాజెక్టు ఇచ్చీయాల."

"ఒడ్డున మోత విని ఇంజను కొంటామేటి? సముద్రంలో వల లాగించి సూత్తాం. రెండింట్లోనూ నీ డ్రాయింగు తిప్పు. కొత్తదే గెలుస్తాది, సూడు."

దుకాణదారు సణుగుతూనే రెండింట్లోనూ డ్రాయింగులు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. నీలవేణి పెన్‌డ్రైవ్ పెట్టింది.

కొత్తదాన్లో బొమ్మ సగం తిరిగి బిగుసుకుపోయింది. గంగులు ముఖం మాడిపోయింది.

పాతదాన్లో బొమ్మ సాఫీగా తిరిగింది. అది తన బోటే! కొలిచే టేపు పట్టుకుని ఈ పిల్ల దాని చుట్టూ తిరుగుతుంటే, పనీపాటా లేదా అని మొన్ననే తిట్టాడు.

తెర మీద బోటు బోర్లాపడింది. అడుగున, ఎడమ పక్క, చేటంత అతుకు.

"ఇది కూడా ఏసీసినావేటే?" గంగులు గొంతు తగ్గింది.

"తుపానప్పుడు రాయి తగిల్తే నువ్వేసిందే కదా నాన్నా. దాని బరువు ఒదిలేస్తే లెక్క తప్పుతాది."

గంగులు ఆ అతుకు మీద వేలు పెట్టి నిమిరాడు. దుకాణదారు వైపు తిరిగాడు.

"ఆ పాతదే ఇచ్చీ బాబూ. అతుకేసిన బోటే నా కూతుర్ని ఇంతకాడికి సదివించింది."