వెనకగదిలో ఆకురాయి చప్పుడు

బోర్డు మార్పించాలి. గోడలకు తెల్లరంగు వేయించాలి. హాల్లో బెంచీలు తీయించి సోఫాలు వేయించాలి. వెనకగది ఖాళీ చేయించాలి. మైనం బాబాయిని మానేయమని చెప్పాలి.

పళ్ల డాక్టరమ్మ రాసుకున్న చీటీలో మొదటి మూడింటికీ టిక్కులు పడ్డాయి. చివరి రెండూ పదిహేను రోజులుగా ఆమె మొహం చూస్తూ కూర్చున్నాయి.

మైనం బాబాయి ముప్ఫై ఏళ్లుగా ఆ వెనకగదిలో మైనంతో అచ్చు కట్టి పళ్ల సెట్లు చేస్తున్నాడు. మనిషి మాట్లాడుతుంటే విని, సెట్టు ఏ పక్క ఒరుసుకుంటోందో చెప్పేస్తాడు. సెట్టు తీసుకున్నవాళ్లను గుమ్మం దాకా సాగనంపి, రాత్రి దాన్ని నీళ్లలో వేసి పడుకోమని చెప్పందే వదలడు. ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషి డాక్టరమ్మ. పుస్తకాల్లో లేని పనంతా ఆమెకు నేర్పింది ఆయనే.

మిల్లు మూతపడ్డాక సెట్లు పెట్టుకునే ముసలివాళ్లు ఒక్కొక్కరే పేట వదిలి వెళ్లిపోయారు. మిల్లు స్థలంలో అద్దాల మేడలు లేచాయి. ఇప్పుడు హాలు నిండా కుర్రకారే. వాళ్లకు క్లిప్పులు కావాలి, తెల్లటి పళ్లు కావాలి, పన్ను ఊడితే ఇంప్లాంట్ కావాలి. కొత్త యంత్రాలు కొనిస్తానన్న పెద్దమనిషి షరతు ఒక్కటే, ఆ యంత్రాలకు వెనకగది ఇవ్వాలి.

ఆ రోజు ఆయనే చూడటానికి వచ్చాడు. అరవై దగ్గర పడుతున్నా నవ్వు పాతికేళ్ల కుర్రాడి నవ్వులా ఉంది. బిస్కెట్లు వద్దని టీ మాత్రం తాగాడు. మాటల మధ్యలో చెంప పట్టుకుని ఆలోచనలో పడుతున్నాడు.

"ఈ రోజుల్లో సెట్లెవరు పెట్టుకుంటున్నారమ్మా? పాత సామాను మోస్తూ కూర్చుంటే ముందుకెలా పోతాం?" అన్నాడు.

వెనకగది గుమ్మంలో మైనం బాబాయి తల పక్కకు వంచి ఆ మాటలే వింటున్నాడు. డాక్టరమ్మకు ప్రాణం చివుక్కుమంది.

"గది చూసుకుందురుగాని, రండి సార్" అని బాబాయే ఆయన్ని లోపలికి పిలిచి తలుపు వేశాడు.

కాసేపటికి లోపల్నుంచి ఆకురాయి గరగర వినిపించింది. ఆఖరి సెట్టు అరగదీస్తున్నాడు కాబోలు అనుకుని ఆమె కళ్లు తుడుచుకుంది.

పది నిమిషాల తర్వాత పెద్దమనిషి బయటికొచ్చాడు. మొహం తేటగా ఉంది. ప్లేటులో బిస్కెట్టు తీసుకుని కరకరా నమిలాడు.

"యంత్రాలు మేడమీద పెట్టించుకోండి. ఆయన గది జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు.

"తీసేయమన్నది మీరే కదండీ?"

"అన్నాను. ఇప్పుడు ఉంచమంటున్నాను. ఆయన లేకపోతే నేనూ లేను."

బాబాయి ఏం మాయ చేశాడో ఆమెకు అంతుపట్టలేదు. అడిగితే, "ఏముందమ్మా, గది చూపించాను" అన్నాడు. ఆమె నవ్వుకుంటూ చీటీలో చివరి రెండు పనులూ కొట్టేసింది.

మైనం బాబాయి అలవాటు కొద్దీ పెద్దమనిషిని గుమ్మం దాకా సాగనంపి, గొంతు తగ్గించి అన్నాడు.

"రాత్రి నీళ్లలో వెయ్యడం గుర్తుంచుకోండి సార్."