ఏ ఓడలో వచ్చావు?

వాన పడితే కోర్టు తలుపు బిగుసుకుపోతుంది. ముందు వచ్చినవాళ్ళు గుంజి గుంజి విసిగిపోయారు. మార్తా హుదాక్ వచ్చి తలుపు అడుగున ఒక్క తన్ను తన్నింది. తెరుచుకుంది.

"మెల్లగా, మెల్లగా," అన్నాడు లోపలున్న కుర్ర గుమాస్తా. తరువాత ఆమె నెత్తిమీది లేసు కుళ్ళాయి చూసి గొంతు పెంచాడు. "పౌరసత్వం కోసమా? ఆ వరస. ఆ... వ... ర... స. తెలిసిందా?"

చెవిటివాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. మార్తా తలూపి వెళ్ళి వరసలో నిలబడింది. వెనకే అత్త జుజానా.

ఆ కుళ్ళాయి దగ్గరే పొద్దున ఇంట్లో రభస జరిగింది. స్లొవాకుల పెళ్ళిలో పెళ్ళికూతురి తలమీది పూలదండ తీసేసి, అత్తింటి ఆడవాళ్ళు అలాంటి కుళ్ళాయి పెడతారు. అది పెట్టాక పిల్ల ఇక వాళ్ళది. ఆ తరువాత పండగకో పబ్బానికో తప్ప దాన్ని పెట్టెలోంచి తీయరు.

"ఈ పూటకి దొరసానుల్లా టోపీ పెట్టుకోవే," అంది జుజానా. "దీన్ని చూస్తే నవ్విపోతారు."

"నవ్వనీ అత్తయ్యా. ఇవాళ ఇదే పెట్టుకుంటాను."

"నీ మొండితనం తగలెయ్య. నన్ను చూడు. ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు, ఆ కోర్టు గడప తొక్కలేదు, అయినా ఈ దేశం మనిషినయ్యాను. మీ మామ కాగితం తెచ్చుకున్నాడు, తోకలా నాకూ వచ్చింది."

"మీ అబ్బాయి తెచ్చుకోడుగా మరి."

జుజానా శాలువా కప్పుకుని కోడలి వెంట బయల్దేరింది. గని సమ్మెలో జిల్లా పోలీసు పెద్ద షెరీఫు మనుషులు వచ్చి, వీళ్ళింట్లో పొయ్యి నుంచి పసిపిల్ల ఉయ్యాల దాకా అన్నీ మంచులోకి విసిరేసిన రోజున, మార్తా మొగుడు ఓంద్రేయ్ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ షెరీఫు కూర్చునే కోర్టులో చచ్చినా అడుగుపెట్టనన్నాడు. మార్తా ఒట్టు వేరు. ఈ శరదృతువులో షెరీఫు పదవికి ఎన్నిక ఉంది. అతనికి వ్యతిరేకంగా ఓటు వేసి తీరాలి. మొగుడితో పని లేకుండా పెళ్ళాం తన కాగితం తనే తెచ్చుకోవచ్చని ఈ మధ్యే చట్టం వచ్చింది. వచ్చిందని తెలిసిన మర్నాడే ఆమె అర్జీ పెట్టింది.

రోజూ ఉండే జడ్జి జబ్బుపడటంతో పక్క జిల్లా నుంచి ప్రెస్కాట్ అనే ఆయన వచ్చాడు. కాగితాలు తిరగేసే ఓపిక ఆయనకు లేదు. మనిషిని చూస్తే చాలు, ఎక్కడివాడో చెప్పేయగలనని నమ్మకం.

"ఈ దేశంలో చట్టాలు ఎవరు చేస్తారు?" అని అడిగాడు, మార్తా ముందున్న ఇటలీ అతన్ని.

"బొగ్గు కంపెనీ, అయ్యగారూ."

వరసంతా నవ్వింది. జడ్జి నవ్వలేదు. "వచ్చే ఏడు రా," అని అర్జీ పక్కన పడేశాడు. మార్తా వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకుంది. వచ్చే ఏడంటే ఎన్నిక అయిపోతుంది.

ఆమె వంతు వచ్చింది.

"ముందు ఆ కుళ్ళాయి తియ్యమ్మా. అమెరికా మనిషివి కావడానికి వచ్చావు కదా."

"తియ్యను. ఇది లేకపోతే నా సంగతి మీకు అర్థం కాదు."

జడ్జి కనుబొమలు ముడిపడ్డాయి. గబగబా ప్రశ్నలు వేశాడు. ఆయన సగం అడిగేసరికే ఆమె జవాబు చెప్పేసింది.

"బట్టీ బాగానే పట్టించారే."

"బట్టీ కాదు. విని విని వచ్చేశాయి." అలవాటుగా ఆమె చూపు పైకప్పు మీదికి పోయింది.

"సరే. చెకోస్లొవాకియా దేశానికి ఇక విధేయురాలివి కావని ప్రమాణం చెయ్యి."

"దాని ఉప్పు ఎన్నడైనా తింటే కదా, వదులుకోవడానికి."

జడ్జి వెనక్కి వాలాడు. "మీవాళ్ళందరిదీ ఇదే పాట. అక్కడ గతిలేక వస్తారు, వచ్చాక పుట్టిన దేశాన్ని తిడతారు."

మార్తాకు ఒళ్ళు మండిపోయింది.

"పుట్టిన దేశాన్ని నేనెప్పుడూ తిట్టలేదు. అదే నన్ను వీధిలోకి తోసింది."

జుజానాకు మాటలు అర్థం కాకపోయినా జడ్జి మొహం అర్థమైంది. వెనకనుంచి కోడలి కొంగు... కాదు, పైకోటు పట్టి లాగింది. "వద్దే, తల్లీ. వంగి ఒక దణ్ణం పెట్టి వచ్చెయ్."

"మీరు ఊరుకోండి అత్తయ్యా. ఇన్నేళ్ళూ వంగింది చాలు."

"ఏమిటి గుసగుసలు?" జడ్జి కలం తీశాడు. "ఆఖరి మాట. ఈ దేశంలో ఎలా దిగావో ఈ కోర్టుకు తెలియాలి. చెప్తే సరేసరి, లేదా ఈ అర్జీ కూడా వచ్చే ఏటికే. ఏ ఓడలో వచ్చావు?"

గుమాస్తా ఆమెకు సాయం చేద్దామనుకున్నాడు. "ఓడ," అని చేత్తో అలలు చూపించాడు. "ఓ... డ."

మార్తా ఆ చేతిని చూసింది. నెత్తిమీది కుళ్ళాయి సర్దుకుంది. తరువాత వేలెత్తి పైకప్పు చూపించింది.

"ఏ ఓడా ఎక్కలేదు జడ్జిగారూ, మీ నెత్తిమీది ఆ మేడగదిలో ఈ కోర్టు కాపలాదారు కూతురిగా పుట్టి, అవిగో అక్కడున్న మెట్లు దిగుతూ నడక నేర్చుకున్న నన్ను, పరదేశి ఓంద్రేయ్‌ని పెళ్ళాడిన పాపానికి, ఈ కుళ్ళాయి నెత్తికెక్కకముందే, నేను కలలో కూడా చూడని ఆ దేశానికి అప్పజెప్పింది మీ చట్టమే."